రెల్లుకుంట నీళ్లు

హైదరాబాద్,
8 సెప్టెంబరు 2024.

తమ్ముడు ఫ్రాన్సిస్‌కు, మరదలు స్వప్నకు,

నేనిక్కడ క్షేమం. మరియ తల్లి దయవల్ల మడికొండలో మీరూ అలాగే ఉన్నారని తలుస్తాను. మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు సగం మాటలు వినపడలేదు. ఎడమ చెవి ఎలాగూ పోయింది. కుడి చెవికి పెట్టుకున్న మిషన్ ఫోన్ దగ్గరికి తెస్తే ఈల వేస్తుంది. నువ్వు "మోకాళ్లు" అన్నావో "మేకలు" అన్నావో తెలియక "మంచిదే" అన్నాను. స్వప్న మోకాళ్ల నొప్పి సంగతని తర్వాత తట్టింది. ఏమనుకుందో ఏమో. ఇకనుంచి ఉత్తరాలే రాసుకుందాం. మనకది కొత్త కాదు కదా. నువ్వు హాస్టల్లో ఉన్న అయిదేళ్లూ వారానికొకటి రాసేదాన్ని.

ఇప్పుడు నీతో ఒక పని పడింది. మా కాలేజీ జువాలజీ లాబ్‌కు స్నేహలత అని ఒక మేడం వచ్చింది. చిన్న వయసే, కానీ పని రాక్షసి. ఊళ్ల పక్కన ఉండే కుంటల్లో ప్లాస్టిక్ చేరితే అందులోని చిన్న చిన్న జీవాలు ఏమవుతున్నాయో చూస్తోంది. ఇరవై నాలుగేళ్లుగా సీసాలు కడిగే అటెండర్‌ని నేను. నా చేతికి మైక్రోస్కోపు ఇచ్చి లెక్కపెట్టడం నేర్పింది. ఏ ఏ కుంటలు తీసుకుందామని అడిగితే మన రెల్లుకుంట పేరు చెప్పాను. చిన్నప్పుడు అమ్మతో పోయి ఎండ్రికాయలు పట్టింది అక్కడే కదా.

సీసాలు బస్ కార్గోలో పంపుతున్నాను. ఒకటి నీళ్లు వచ్చే వైపు, ఒకటి నడిమధ్య, ఒకటి తూము దగ్గర నింపు. పొద్దున ఎనిమిదిలోపే తీయాలి. మీ షెడ్డులో ప్లాస్టిక్ కడిగిన నీళ్లు ఇంకుడుగుంతలోకి పోతాయని నువ్వు చెప్పావు కాబట్టి ఆ ప్రమాదం కుంటకు లేదని మేడంకు ధైర్యంగా చెప్పాను.

మీ అక్క,
మార్తమ్మ


మడికొండ,
19 సెప్టెంబరు 2024.

అక్కకు,

నీ సీసాలూ ఉత్తరమూ చేరాయి. ఇక్కడ వానలు బాగానే పడుతున్నాయి. స్వప్నకు నొప్పి అలాగే ఉంది. దవాఖానలో సూది వేశారు గానీ మెట్లు ఎక్కలేకపోతోంది.

షెడ్డు నడుస్తోంది. పాత బకెట్లు, డ్రమ్ములు, పాల కవర్లు బండ్ల మీద వస్తాయి. ఆరుగురు ఆడవాళ్లు రంగుల వారీగా ఏరతారు. మిషన్ ముక్కలు చేస్తుంది. కడిగి ఆరబెట్టి సంచుల్లో నింపితే కొత్త బకెట్లు చేసేవాళ్లు తీసుకుపోతారు. ఊరి చెత్త ఊరి మీద పడకుండా చేస్తున్నామని నాకు కొంచెం గర్వమే. స్థలం ఇచ్చి నాతో భాగస్తుడైన కిషన్ రావు గారు నీ సీసాలు చూసి, "పట్నం కాలేజోళ్లకు మన కుంట నీళ్లెందుకు?" అని రెండుసార్లు అడిగాడు. మా అక్క లాబ్‌లో పనిచేస్తుంది, చదువు కోసమే అని చెప్పాను. చదువు కోసమే కదా?

మూడు సీసాలూ నింపి పంపుతున్నాను. నువ్వు చెప్పిన చోట్లే.

నీ తమ్ముడు,
ఫ్రాన్సిస్


హైదరాబాద్,
6 అక్టోబరు 2024.

తమ్మీ,

నీ సీసాలు వచ్చిన రోజు నా కడుపు నిండిపోయింది. ఈ నెల రోజులుగా మేం చూసిన కుంటలన్నీ దరిద్రమే. రంగు రంగుల నలుసులు, చచ్చిన పురుగులు. ఇక మన రెల్లుకుంట కూడా అంతే అనుకుంటూ మూత తీశాను. ఒక్క చుక్క అద్దం మీద వేసి చూస్తే, అమ్మా, ఎంత సందడి. నువ్వు గింజలో సగం కూడా ఉండని నీటి పురుగు ఒకటుంది. మేడం డాఫ్నియా అంటుంది. ఒళ్లంతా అద్దమే. లోపల గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. తిన్న పాచి పచ్చటి దారంలా పేగులో కనిపిస్తుంది. వీపు సంచిలో పిల్లలు. ఒక్కోదానికి ఎనిమిది, తొమ్మిది. తూనీగ పిల్లలు రెండున్నాయి. వాటి బతుకంతా ఈ పురుగుల మీదే. చిన్న చేపలకూ, ఎండ్రికాయ పిల్లలకూ మొదటి కూడు ఇవే.

మేడం మూడు చుక్కలు తను కూడా చూసి, పట్టణం పక్కనుండీ ఇంత మంచి నీళ్లు ఎట్లా మిగిలాయని ఆశ్చర్యపోయింది. ఇంకో మూడు నెలలు నువ్వే పంపాలి. ఖాళీ సీసాలతో పాటు స్వప్నకు ఒక చీర పెట్టాను. ఆకుపచ్చ రంగు ఆమెకు నప్పుతుంది.

మీ అక్క,
మార్తమ్మ


మడికొండ,
2 నవంబరు 2024.

అక్కా,

నీ ఉత్తరం స్వప్నకు చదివి వినిపించాను. నువ్వు మా కోసం చేసింది ఈ జన్మలో మరచిపోలేం. అన్నీ కాగితం మీద రాసుకునేవి కావు కాబట్టి ఇంతకన్నా రాయను. కిషన్ రావు గారు కూడా నీకు దండం చెప్పమన్నాడు.

ఇవాళ సమాధుల పండుగకు అమ్మ సమాధి దగ్గర కొవ్వొత్తులు వెలిగించాం. నీ పేరున కూడా ఒకటి.

బక్కమ్మ నీకు గుర్తుందా? కట్టయ్య భార్య. అమ్మతో కలిసి ఎండ్రికాయలు పట్టేది. ఇప్పటికీ అదే పని, నత్తలు కూడా ఏరి కాజీపేటలో అమ్ముతుంది. ఆమె వారం నుంచి షెడ్డు గేటు ముందు నిలబడుతోంది. ఖాళీ గంప చూపించి, "కుంటల ఒక్క ఎండ్రికాయ గుడ లేదు బిడ్డా, నత్తలన్నీ బోర్ల పడి ఉన్నయి" అంటుంది. వయసైపోయింది. చూపు ఆనుతుందో లేదో. ఊళ్లో కొందరు ఆమె మాట పట్టుకుని పంచాయతీలో అర్జీ పెడతామంటున్నారు. కుంట నీళ్ల మీద నీ మేడం రాసే కాగితం ఎప్పుడు వస్తుంది?

మళ్లీ మూడు సీసాలు పంపాను.

నీ తమ్ముడు,
ఫ్రాన్సిస్


హైదరాబాద్,
24 నవంబరు 2024.

తమ్మీ,

ఒక్క చీరకు అంత దండకం ఏమిటి? కిషన్ రావు గారు కూడా దండం చెప్పాడంటే నవ్వొచ్చింది. స్వప్న ఆ చీర పండుగకు కట్టుకుంటే చాలు.

ఇక్కడ ఒక సంగతి జరిగింది. మేడం ఒక నీలం బకెట్ ముక్కను పిండిలా నూరించి, నీ సీసాలోని పురుగుల్లో సగాన్ని వేరే గాజు కుండీలో వేసి, ఆ నీటిలో చిటికెడు కలిపింది. రోజూ చూడడం నా పని. మూడో రోజుకు పచ్చటి దారం పోయి నీలం దారం వచ్చింది. అవి పాచి అనుకునే తింటున్నాయి. కడుపు నిండుగానే కనిపిస్తుంది, కానీ ఆకలితో చస్తాయి. పది రోజులకు వీపు సంచుల్లో ఎనిమిది పిల్లలుండాల్సిన చోట రెండో మూడో మిగిలాయి. పైపొర విడిచేటప్పుడు సగంలో ఇరుక్కుపోయి కొన్ని కాళ్లాడిస్తూ ఉండిపోయాయి. గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంది. నేను చూడలేక మేడంను పిలిచాను. ఆమె చూసి, రాసుకుంది.

పక్క కుండీలో నీలం కలపనివి హాయిగా ఉన్నాయి. మన రెల్లుకుంట ఆ పక్క కుండీ లాంటిది, దేవుడి దయ.

అందుకే బక్కమ్మ మాట నాకు నమ్మబుద్ధి కాలేదు. పురుగులు ఇంత నిండుగా ఉన్న నీళ్లలో ఎండ్రికాయలు లేకపోవడం ఉండదు. నేను నా కళ్లతో లెక్కపెట్టాను. గట్ల వెంట బొరియలు సరిగ్గా చూడమని చెప్పు. మార్తమ్మ చెప్పిందంటే వింటుంది. మేడం రిపోర్టు వచ్చే నెల పంచాయతీకి కూడా ఒకటి పంపుతుందట.

మీ అక్క,
మార్తమ్మ


మడికొండ,
5 జనవరి 2025.

అక్కకు కొత్త సంవత్సరం శుభాలు.

క్రిస్మస్‌కు నువ్వు వస్తావని ఎదురుచూశాం. స్వప్న ఆకుపచ్చ చీర కట్టుకుంది. గుడి మెట్లు నేను పట్టుకుంటే ఎక్కింది.

నీలం సంగతి రాశావు. అర్థమైంది. మేం జాగ్రత్తపడుతున్నాం.

రిపోర్టు వచ్చింది. పంచాయతీ ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టి చదివించారు. రెల్లుకుంట నీళ్లలో జీవరాశి నిండుగా ఉందని, ప్లాస్టిక్ జాడ లేదని విన్నాక అర్జీ పెట్టినవాళ్లు తలలు వంచుకున్నారు. బక్కమ్మ ఒక్కతే లేచింది. "గా కాయిదం రాసినోళ్లు కుంటల దిగిండ్రా?" అని అడిగింది. నీ మాట చెప్పాను, మార్తమ్మ స్వయంగా లెక్కపెట్టిందని. ఆమె కాసేపు నా వైపే చూసింది. "మార్త అబద్ధమాడదు. మరి నాకే దొర్కుతలెవ్వేమో" అంది. అందరూ నవ్వారు. కట్టయ్య చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

అలా అయిపోయింది. షెడ్డుకు ఇక ఏ అడ్డూ లేదని కిషన్ రావు గారు రెండో మిషన్ దింపుతున్నాడు.

నీ తమ్ముడు,
ఫ్రాన్సిస్


హైదరాబాద్,
2 ఫిబ్రవరి 2025.

తమ్మీ,

చలి తగ్గింది. నా దగ్గు తగ్గలేదు.

నీలం డ్రమ్ముల్లో తాగే నీళ్లు పట్టుకోవడం మానేశారన్నమాట, మంచి పని చేశారు. కుండ కొనుక్కోండి.

బక్కమ్మను చూసి నవ్వారని చదివి కొంచెం బాధేసింది. అమ్మ పోయినప్పుడు మూడు రోజులు మనింట్లోనే ఉండి వండి పెట్టింది. కానీ లెక్క లెక్కే కదా. ఈసారి వచ్చినప్పుడు నేనే ఆమెను వెంటబెట్టుకుని కుంటకు పోతాను, ఎక్కడున్నాయో చూపిస్తాను.

మీ అక్క,
మార్తమ్మ


మడికొండ,
11 మార్చి 2025.

అక్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపేశాను.

బక్కమ్మ చనిపోయింది. మొన్న ఆదివారం పూజ అయ్యాక తెలిసింది. రెల్లుకుంటలో ఏమీ దొరక్క, నెల రోజులుగా గుట్ట వెనకున్న పాత క్వారీ గుంతకు పోతోందట. అక్కడ నత్తలుంటాయని ఎవరో చెప్పారు. గట్టు కాదు, నిటారుగా కోసిన రాయి. జారిందేమో. గంప పైనే తేలుతుంటే మేకల కాపరి చూశాడు. తీయడానికి సాయంత్రం వరకు పట్టింది. నేను అక్కడే ఉన్నాను. గంపలో గుప్పెడు నత్తలు కూడా లేవు.

అక్కా, నీకు తెలిసిన సంగతే మళ్లీ రాస్తున్నాను, నాకు నేను చెప్పుకోవడానికి. నేను పంపిన ఏ ఒక్క సీసాలోనూ రెల్లుకుంట నీళ్లు లేవు. గుట్ట పైన రైతు మొగిలి వ్యవసాయ బావిలో ముంచాను. మొదటిసారి కుంటకే పోయాను, సీసా ముంచితే రంగు ముక్కలు తేలాయి. మా ముక్కలే. చూడగానే గుర్తుపట్టాను. ఇంకుడుగుంత రెండేళ్ల కిందటే నిండిపోయింది, కడిగిన నీళ్లన్నీ కాలువలో పడి కుంటలోకే పోతున్నాయి. సీసా ఒంచేసి బావికి పోయాను.

నువ్వు లెక్కపెట్టగానే కనిపెట్టావని, మా కోసం కడుపులో పెట్టుకున్నావని అనుకున్నాం. చీర అందుకే పంపావనీ, నీలం సంగతి అందుకే రాశావనీ. బక్కమ్మకు బొరియలు చూడమని కబురు పంపినప్పుడు, అక్క మా కోసం ఇంత దూరం వచ్చిందా అని భయం కూడా వేసింది. నేను అయిదారుసార్లు బక్కమ్మతో నిజం చెప్పాలని పోయి, నోరు రాక తిరిగొచ్చాను.

ఇది ఈస్టర్ ముందు వచ్చే తపస్సు కాలం. ఫాదర్ దగ్గర తప్పు ఒప్పుకుని పాపసంకీర్తనం చేశాను. చెప్పాల్సినవాళ్లకు చెప్పావా అని అడిగాడు. ముందు నీకు రాస్తున్నాను.

ఫ్రాన్సిస్


హైదరాబాద్,
14 మార్చి 2025.

ఫ్రాన్సిస్,

నాకు తెలియదు.

నాకు ఏమీ తెలియదు. చీర చీరే. నీలం బకెట్ నీలం బకెట్టే. చూసింది చూసినట్టు తమ్ముడికి రాశాను, అంతే. నువ్వు నన్ను అలాంటిదాన్ని అనుకుని, అనుకున్నందుకు నాకు కృతజ్ఞతలు కూడా చెప్పావు. అయిదు నెలలు.

బావి నీళ్లని నేనెందుకు పోల్చుకోలేదు? అన్ని కుంటలూ చస్తుంటే మనదొక్కటే బతికుంటుందని ఎందుకు నమ్మాను? నాది కాబట్టి నమ్మాను. మేడం అయితే ఇంకోచోట నుంచి ఇంకో మనిషిని పంపి సరిచూసేది. మా తమ్ముడేనని నేనే ఆపాను. నేను లెక్కపెట్టానన్న మాట విని బక్కమ్మ తన కళ్లనే అనుమానించింది.

రేపు పొద్దున మేడంకు చెప్తాను. నీ షెడ్డు పోతుంది, నా పనీ పోవచ్చు. ఆ ఆరుగురు ఆడవాళ్లూ రోడ్డున పడతారు. ఇవన్నీ ఆలోచించే రాస్తున్నాను. నన్ను ఆపడానికి రావద్దు.

మార్తమ్మ


హైదరాబాద్,
18 మే 2025.

ఫ్రాన్సిస్‌కు,

ఈస్టర్ తర్వాత మేడంతో నేను వచ్చిన రోజు స్వప్న తలుపు తీయలేదు. ఆమె తప్పేం లేదు. కానీ నువ్వు ప్యాంటుతోనే నడుం లోతు నీళ్లలోకి దిగి వల పట్టుకున్నావు. మేడం ఎక్కడ ముంచమంటే అక్కడ ముంచావు. కిషన్ రావు గట్టు మీద నిలబడి నీ పేరు పెట్టి పిలుస్తుంటే తిరిగి చూడలేదు. అది నేను చూశాను.

లెక్క అయిపోయింది. అన్ని సీసాలూ నేనే చూశాను. మరొకరు కూడా విడిగా చూశారు. నీటి పురుగులు మొత్తం కలిపి పదకొండు. పదకొండింటి పేగుల్లోనూ రంగు నలుసులు. పిల్లలున్నవి రెండే. తూనీగ పిల్లలు లేవు. అడుగు బురదలో చెంచాకు ఎన్ని ముక్కలో లెక్క తప్పిపోయి రెండుసార్లు మొదటికొచ్చాను. బతికున్నవల్లా దోమ పిల్లలూ ఎర్ర వానపాముల్లాంటి పురుగులూ. నత్త ఒకటి దొరికింది. కోసి చూస్తే కడుపులో పాల కవరు ముక్క మీది అక్షరం ఒకటి చదవొచ్చు.

మేడం పాత రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నట్టు అందరికీ రాసింది. ఆమెను పెద్దవాళ్లు పిలిచి మాట్లాడారు. ఏమన్నారో చెప్పలేదు గానీ బయటికొచ్చి సింకు దగ్గర చాలాసేపు చేతులు కడుక్కుంది. జూన్ నుంచి నన్ను రావద్దన్నారు. నీళ్లు ఎక్కడివో నువ్వు సంతకం పెట్టి రాసిచ్చిన కాగితం కూడా రిపోర్టుకు జత చేశారు.

కొత్త రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. నేను తెలుగులో రాసి ఇందులో పెడుతున్నాను. రెండు పేజీలే. కట్టయ్యకు ఇవ్వు. నేనే వచ్చి ఇవ్వాల్సింది. ఆయన ముందు నిలబడే ధైర్యం ఇంకా రాలేదు.

మార్తమ్మ


మడికొండ,
9 జూన్ 2025.

అక్కకు,

షెడ్డుకు తాళం పడి పదిహేను రోజులైంది. ఆరుగురిలో నలుగురు పత్తి గింజలు పెట్టే కూలికి పోతున్నారు. ఇద్దరికి ఏ పనీ లేదు. ఎదురుపడితే పక్క సందులోకి తిరుగుతారు. నేను మడికొండలో కట్టే కొత్త ఇళ్ల దగ్గర కాపలా పనికి ఒప్పుకున్నాను. స్వప్న నాతో మాట్లాడుతోంది, నీ పేరు ఎత్తదు. కొంతకాలం పడుతుంది.

కిషన్ రావు రెండు మిషన్లూ లారీ ఎక్కించి నర్సంపేట వైపు తీసుకుపోయాడు. అక్కడ ఒక చెరువు కింద స్థలం చూసుకున్నాడట. నన్ను రమ్మన్నాడు, పోలేదు. బస్సెక్కి ఆ ఊరికి పోయి, ఇక్కడ ఏం జరిగిందో పంచాయతీలో రాసిచ్చాను. తీసుకున్నాయన చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నువ్వు పంపిన కాగితాలు రెండు వారాలు నా దగ్గరే ఉంచుకున్నాను. నిన్న కట్టయ్య ఇంటికి పోయాను. నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముందు నేను చేసింది చెప్పాను, బావి దగ్గర నుంచి అన్నీ. తిడతాడనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. ఆయన నేల చూస్తూ విన్నాడు.

"నేను గుడ దాన్ని తిట్టిన," అన్నాడు. "పట్నమోళ్లు ఉన్నయన్నంక నీకెందుకు దొర్కుతలెవ్వే అన్న. నీకు కండ్లు పోయినయన్న. ఆ పొద్దు గుడ అదే అని పంపిన."

కాగితాలు ఆయన చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, తనకు చదువు రాదని, చదవమని తిరిగి ఇచ్చాడు. గోడకు బక్కమ్మ ఫోటో ఉంది, ఆధార్ కార్డులోది పెద్దది చేయించారు. మంచం దాని పక్కకు జరుపుకున్నాడు.

మొదటి నుంచి చదివాను. నీటి పురుగులు పదకొండు. తూనీగ పిల్లలు సున్నా. నత్తలు ఒకటి. ఎండ్రికాయలు, గట్టు చుట్టూ నూట ఇరవై బొరియలు చూడగా, సున్నా.

"గది మల్ల సదువు," అన్నాడు.

ఎండ్రికాయలు సున్నా అని మళ్లీ చదివాను. ఆయన ఫోటో వైపు తిరిగి కూర్చున్నాడు. ఇంకోసారి చదవమన్నట్టు చెయ్యి ఊపాడు. జర గట్టిగా చదవమన్నాడు. చదివాను.

ఫ్రాన్సిస్